సాయవ్వ పక్కన ఖాళీ జాగ

శ్రీశైలం ఫోటోల శిక్షణకని హైదరాబాదు పోయి మూడు రోజులుండి వచ్చాడు. పోయేటప్పుడు మనిషి మామూలుగానే ఉన్నాడు. పట్నం పోయినవాళ్లు కొందరు జ్వరం తెచ్చుకుంటారు, కొందరు చెప్పులు పోగొట్టుకొని వస్తారు. శ్రీశైలం మాత్రం ఒక అంకెను వెంటబెట్టుకొని వచ్చాడు. ఒకటీ పాయింట్ ఆరు ఒకటి ఎనిమిది. దాని పేరు బంగారు నిష్పత్తి అన్నాడు. కోరుట్లలో పదిహేనేళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తూ పొట్ట పోసుకుంటున్న మనిషి, ఇన్నాళ్లూ తాను తీసినవన్నీ తప్పేనని బస్సు దిగీ దిగకముందే ప్రకటించాడు.

తండ్రి హన్మండ్లు అరుగు మీద కూర్చొని కాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. నలభై ఏళ్లు కల్లు కోసం తాటిచెట్లెక్కిన కాళ్లు అవి. మోకు పక్కన పెట్టి రెండేళ్లయినా, మడిమలు ఇంకా చెట్టు కోసం వెతుకుతూనే ఉంటాయి.

"బంగారమంటున్నవు. ఎన్ని తులాలు?" అన్నాడు.

"తులాలు కాదు బాపూ, లెక్క. ఒక గీతను రెండు తుకడలు చేసినమనుకో. చిన్నదానికి పెద్దది ఎన్ని రెట్లో, పెద్దదానికి మొత్తం గీత గన్ని రెట్లే ఉండాలె. గా కోసిన కాడ మనిషిని పెడితే ఫోటో కండ్లకు సల్లగుంటది."

"నడుమకు కోస్తే అయిపాయె. పంచుకునే పాలోళ్ల మధ్య పంచాయితన్నా ఉండది."

"నడుమ పెడితే ఆధార్ కార్డే బాపూ. కోడిగుడ్ల లెక్క కండ్లు నిలువవెట్టి సూసుడే."

హన్మండ్లు నూనె గిన్నె కింద పెట్టాడు. ఆయన నోరు తెరిస్తే వాడకట్టు మొత్తం పని ఆపుకొని వింటుంది. అబద్ధమని అందరికీ తెలుసు, అందుకే వింటారు. "మా తాత కొడిమ్యాల గుట్ట కింద ఒక తాడెక్కేటోడు. ఎక్కేనాడు ఆయన లగ్గమైంది. దిగేటాల్లకు మా నాయినకు మీసాలొచ్చినయి. గా చెట్టును నీ ఫోటువల ఏ గీత మీద పెడుతవురా?"

శ్రీశైలం నవ్వలేదు. అవతలిది కనపడే ప్లాస్టిక్ అట్ట ఒకటి తెచ్చి, దాని మీద స్కెచ్ పెన్నుతో నాలుగు గీతలు గీశాడు. నిలువు రెండు, అడ్డం రెండు. అవి కలిసే చోట్లు నాలుగు. ఇంకో అట్ట మీద నత్తగుల్ల లాంటి చుట్టు గీశాడు. ఆనాటి నుంచి ఆ అట్టలు కళ్లకు అడ్డం పెట్టుకోకుండా లోకాన్ని చూడ్డం మానేశాడు. మూడో రోజు భార్య స్వరూప కంచంలో అన్నం పెట్టి, గంటె గాల్లోనే ఆపి, "కూర ఏ గీత మీద ఎయ్యాలె?" అని అడిగింది.

ఇంట్లోవాళ్లు నవ్వి ఊరుకుంటారు. బుగ్గారం పెళ్లివాళ్లు ఊరుకుంటారా? అక్కడ పెళ్లి మంటపం నలభై అడుగులు. శ్రీశైలం పెళ్లికొడుకునూ పెళ్లికూతురినీ ఫోటోలో కుడి పక్కకు జరిపి, మిగతాదంతా పూల తెరకు వదిలేశాడు. ఆల్బం చూసిన పెళ్లికొడుకు మేనమామ దాన్ని సంకలో పెట్టుకొని కోరుట్లకే వచ్చాడు.

"పోరన్నీ పిల్లనూ మూలకు నూకినవు. మిగిలిన జాగల ఎవలన్న కూసునేది ఉండెనా? పిలిచినా రాక తప్పిపోయిండ్రా?"

"అది శ్వాస తీసుకునే జాగ మామా."

"శ్వాస మనిషి తీసుకుంటడా, ఫోటువ తీసుకుంటదా?"

దానికి శిక్షణలో జవాబు చెప్పలేదు. బుగ్గారం దిక్కు రావలసిన రెండు పెళ్లిళ్లు ఇంకో స్టూడియోకు పోయాయి. శ్రీశైలం అట్టలు బీరువాలో పెట్టాడు. పెట్టి మళ్లీ తీశాడు. సరిగ్గా ఆ ఊగులాటలో ఉన్నప్పుడే సిరిసిల్ల నుంచి ఫోను వచ్చింది.

"నువ్వేనా మా మనుమరాలి లగ్గంల ఫోటువలు తీసినోనివి?"

"అవునవ్వా. ఎవలు?"

"పెండ్లిపిల్ల తల్లి సుజాత లేదా, గామె తల్లిని. సాయవ్వను. నూట ఇరవై పేజీల పుస్తకంల నా మోచెయ్యి ఒక్కటే అచ్చింది. గాజులు సూసి గుర్తువట్టిన. ఒక్కసారి అచ్చిపో."

తిట్టడానికే పిలిచిందనుకొని పోయాడు. తిట్టలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, నూలు కండెలు చుట్టీ చుట్టీ వేళ్లు కూడా కండెల్లాగే సన్నబడ్డాయి. అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, తాను పీట మీద కూర్చొని విషయం చెప్పింది.

"మా గల్లీల ఎవ్వలు సచ్చినా ఆధార్ కార్డు ఫోటువనే పెద్దగ జేసి గోడకు పెడుతుండ్రు కొడుకా. గా మెషిన్ ముందట నేను తుమ్ము ఆపుకొని కూసున్న. రేపు నేను పోయినంక గా తుమ్ము మొకానికి నా మనుమలు దండం పెట్టాల్నా? నేను నేను లెక్క ఉండాలె. ఒక్క ఫోటువ. ఒక్కసారే కూసుంట, మళ్లమళ్ల కూసోను. పటం కట్టినంక ముందుగాల నేనే సూడాలె. నువ్వు సుత సూడద్దు."

శ్రీశైలం ఒప్పుకున్నాడు. మనసులో ఇంకో ఒప్పందం కూడా రాసుకున్నాడు: ఈ ఫోటో సాయవ్వ మెచ్చకపోతే ఆ అట్టలు పొయ్యిలోకి. ఇక జీవితాంతం మనుషుల్ని నడిమధ్యన నిలబెట్టి, "నవ్వుండ్రి" అనుడే.

ఆమె పనిచేసిన కార్ఖానాలోనే తీద్దామన్నాడు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. అవి నడుస్తుంటే ఆ గల్లీలో తుమ్మినవాడికి తన తుమ్ము మర్నాడు పొద్దున వినపడుతుందని చెబుతారు. ఆ రోజు లైన్ల మరమ్మతని కరెంటు లేదు. పన్నెండు సాంచాలూ నోరు మూసుకొని నిలబడ్డాయి. ఎడమ పక్కన సున్నం వేసిన ఖాళీ గోడ. పైన వెంటిలేటర్ నుంచి ఎండ ఏటవాలుగా దిగి, ఆ గోడ మీద పరుచుకుంది. శ్రీశైలం అట్ట ఎత్తి ఒక కన్ను మూశాడు.

"గా అట్టల నుంచి సూస్తే మొకం ఒక్కటే కనవడుతదా, చేసిన పాపాలు సుత కనవడుతయా?" అంది సాయవ్వ.

"మొకమే అవ్వా. జరంత కుడికి జరుగు."

జరిగింది.

"ఇంకింత."

జరిగింది.

"ఇంకొక్క బెత్తెడు."

"ఇంక జరిగితే బజార్ల పడుత పిలగా. ఫోటువ నన్ను తీస్తున్నవా, గోడనా?"

పన్నెండు అంగుళాల ఎత్తు, పద్దెనిమిది వెడల్పు ఫోటో అది. ఆమె కన్ను ఎడమ అంచు నుంచి పదకొండు అంగుళాల మీద, పై అంచు నుంచి నాలుగున్నర మీద ఉండాలి. ఎండ గీత పై మూల నుంచి ఆమె ఒడి దాకా వాలాలి. అన్నీ కుదిరాయి, మనిషే కుదరలేదు. కెమెరా ముందు కూర్చున్న సాయవ్వ బిర్రబిగుసుకొని, చేతులు మోకాళ్లకు అతికించి, మళ్లీ తుమ్ము ఆపుకుంటున్నట్టే ఉంది. శ్రీశైలం వేలు మీట మీదే ఉంచి ఊరుకున్నాడు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. సాయవ్వకు అతని మీద విసుగు పుట్టింది, తర్వాత విసుగు కూడా పోయింది. తల తిప్పి ఆ వెలుతురు గోడ వైపు చూసింది. భుజాలు దిగాయి. చేతులు వాటంతట అవే ఒడిలోకి వచ్చాయి. అతను నొక్కాడు.

"అయిందా?"

"అయిందవ్వా."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

తెల్లారి ఆ ఫోటోను జగిత్యాలలోని ప్రింటింగ్ ల్యాబుకు ఫోన్లో పంపించాడు. కల్లుగీత సంఘం కొత్త కార్డు కోసం తండ్రి ఫోటో కూడా కావలసి ఉంది. దాన్నీ దాని వెనుకే పంపి, కింద "రెండూ అర్జెంటు" అని రాశాడు. చేసిన తప్పు అదొక్కటే.

ల్యాబులో నరేశ్ అనే పిల్లవాడు కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అలాంటి పనిమంతుడు నాలుగు జిల్లాల్లో లేడు. బతికి ఉండగా ఒక్కనాడూ పక్కపక్కన కూర్చోని ఆలుమగలను, చచ్చిన తర్వాత ఒకే సోఫా మీద కూర్చోబెట్టినవాడు అతను. ధర్మపురి నుంచి కొడిమ్యాల దాకా గోడల మీద అతని చేతి జంటలే. అవ్వ ఫోటో ఒక దగ్గర నుంచి, తాత ఫోటో ఒక దగ్గర నుంచి వస్తుంది; అతుకు కనపడకుండా కలపాలి. తాతకు అంగీ లేకపోతే కోటు తొడగాలి. రోజూ అదే పని. అలాంటివాడికి ఒకే స్టూడియో నుంచి, ఒకే పొద్దున, పక్కన సగం జాగ వదిలిన అవ్వ ఫోటో ఒకటి, వెనుకనే తాత ఫోటో ఒకటి వస్తే ఏమనుకుంటాడు? మీరైతే ఏమనుకుంటారు?

సాయంత్రం శ్రీశైలం పోయేసరికి ఫ్రేము కట్టించి, అట్టలు పెట్టి, కాగితం చుట్టి సుతిలితో బిగించి ఉంది.

"అవ్వ మొకం మీది ఎలుగును అస్సలు ముట్టలేదన్నా," అన్నాడు నరేశ్. "మిగిలిన పని సూస్తే నువ్వే మెచ్చుకుంటవ్."

ఫ్రేము గురించి అంటున్నాడనుకున్నాడు శ్రీశైలం. విప్పి చూద్దామని చెయ్యి పోయింది. ముందుగా తానే చూడాలన్న సాయవ్వ మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి వచ్చింది. ఆ సంబరంలో తండ్రి కార్డు ఫోటోలు అడగడం కూడా మరిచాడు. మర్నాడు ఫ్రేమును చంటిపిల్లలాగా వీపుకు కట్టుకొని, కొడిమ్యాల దిక్కు రోడ్డు పట్టి, గుంత వచ్చిన చోటల్లా బండిని పూలబుట్టలా నడిపించి సిరిసిల్ల చేరాడు.

సుజాత కూడా తల్లింటికి వచ్చి ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు చేరారు. సాయవ్వ ముఖం కడుక్కొని, కొంగు సరిచేసుకొని, కత్తెరతో సుతిలి తానే తెంపింది. కాగితం విప్పింది. చూసింది.

చాలాసేపు చూసింది.

"పిలగా," అంది చివరికి. "గీ కోటాయన ఎవలు?"

శ్రీశైలం వంగి చూశాడు. సాయవ్వ ఉంది, చెక్కుచెదరకుండా ఉంది. ఆమె పక్కన, వెలుతురు గోడ ఉండవలసిన జాగలో, నీలం కోటు తొడుక్కొని, ఎర్ర టై కట్టుకొని, పెళ్లిలో కూర్చున్నట్టు దర్జాగా కూర్చున్నాడు హన్మండ్లు. వెనుక జలపాతం ఒకటి దుంకుతోంది.

"మా... మా బాపు," అన్నాడు.

"ఉన్నడా, పోయిండా?"

"ఉన్నడవ్వా."

"నిన్ను కన్న అవ్వ?"

"ఉన్నది."

"అయితే నాకెందుకు సూపెట్టినవు? ముందుగాల మీ అవ్వను అడుగుపో, మొగన్ని ఇచ్చేది ఉన్నదా అని."

ఆడవాళ్ల నవ్వుకు పక్కింటి కోళ్లు ఎగిరి గోడెక్కాయి. ఒకామె "కోటుకు ఇస్త్రీ మంచిగున్నది సాయక్కా, ఒప్పుకో" అంది. శ్రీశైలానికి నేల చీలితే బాగుండుననిపించింది. సిరిసిల్లలో నేల గట్టిది, చీలలేదు. జరిగిందంతా చెప్పి, ఫోను తీసి అసలు ఫోటో ఆమె చేతిలో పెట్టాడు.

నవ్వులు మెల్లగా ఆగిపోయాయి. సాయవ్వ ఫోనును దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. బొటనవేలితో ఫోను అద్దం మీద అడ్డంగా కొలిచింది, బట్ట కొలిచినట్టు.

సుజాత తల్లి భుజం మీదుగా చూసి, "గింత జాగ ఖాళీ ఎందుకున్నది తమ్మీ? ఏదో తక్కువైనట్టున్నది," అంది.

"తక్కువేంది?" అంది సాయవ్వ. "చీరంత అంచే నేస్తరా ఎవలన్న? అంచు కొట్టొచ్చినట్టు కనవడాల్నంటే నడుమ సాఫ్‌గుండాలె. గిక్కడ అంచును నేను. గదంత నడుమ." కొంచెం ఆగింది. "రెండు సాంచాల నడుమ వంగి నలభై ఏండ్లు చేసిన. ఇంట్ల ఒక్క అర్ర, తొమ్మిదిమందిమి. నా పక్కకు గింత ఖాళీ జాగ నువ్వెప్పుడన్న సూసినవా సుజాతా? గిదే కావాలె. ఎవ్వలను కూసోబెట్టకుండ్రి."

శ్రీశైలం గుండె నిండింది. మూడు రోజుల శిక్షణలో అక్కడి పెద్దసారు గంటన్నర చెప్పిన దాన్ని ఈమె ఒక చీరతో చెప్పి అవతల పారేసింది.

కానీ బండి దగ్గరికి పోయేసరికి సుజాత వెనకాలే వచ్చింది. చేతిలో పాత రేషన్ కార్డు నుంచి కత్తిరించిన చిన్న ఫోటో.

"మా నాయిన తమ్మీ. నర్సింగం. నాకు రెండేండ్లున్నప్పుడు పోయిండు. గిదొక్కటే ఉన్నది. అవ్వ గట్లనే అంటది గని, నువ్వు నాయినను కూసోబెట్టు. ఒక్క ఫోటువలనన్న ఇద్దరిని పక్కపక్కకు సూసుకుంట."

ఆ మాటకు కాదనగలిగినవాడు రాతిమనిషి అయి ఉండాలి. శ్రీశైలం చిన్న ఫోటోను చొక్కా జేబులో పెట్టుకొని దారంతా దాన్ని తడుముకుంటూనే ఉన్నాడు.

కోటు ఫ్రేము శ్రీశైలం ఇంటికే చేరింది. తల్లి మొగిలవ్వ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "మా లగ్గంల సుత గీయిన గింత సక్కగ కూసోలె" అంది. హన్మండ్లు మాత్రం కోటు ఎవరిదని మూడుసార్లు అడిగాడు.

మర్నాడు జగిత్యాలలో నరేశ్ నాలుక కరుచుకున్నాడు. తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంలో నర్సింగం ఫోటోను స్కాన్ చేసి, పెద్దది చేసి, చిటికెలో సాయవ్వ పక్కన కూర్చోబెట్టాడు. అతుకు కనపడలేదు. నర్సింగానికి ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో.

"వయసు పెంచుతనన్నా. జుట్టు తెల్లగ చేస్త, రెండు ముడుతలేస్త. కోటు కూడ—"

"కోటు పేరెత్తకు."

శ్రీశైలం తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. సుజాత అడిగింది తప్పు కాదు. నర్సింగం ముఖమూ మంచి ముఖమే. కానీ సాయవ్వ ముఖం ఏదో అయింది. నరేశ్ దాన్ని ముట్టలేదు, ఒక్క గీత మార్చలేదు. అయినా మారింది. నిన్నటిదాకా ఆమె వెలుతురును చూస్తోంది. ఇప్పుడు మొగుని చెవిని చూస్తోంది. దిగిన భుజాలు కూడా, పక్కన మనిషి ఉన్నాడు కదా, ఇరుకుకు ఒదిగినట్టు కనపడుతున్నాయి. శ్రీశైలం అట్ట తీయలేదు. గీతలు లెక్కపెట్టలేదు.

"తియ్యి నరేశ్."

"అన్నా, మంచిగనే కుదిరింది గద."

"కుదిరింది. తియ్యి. అవ్వ ఫోటోను ఎట్లున్నది అట్లనే కొట్టు. నర్సింగం తాతను వేరేగ పెద్దగ చేసి, ఆయిన ఒక్కన్నే ఇంకో ఫ్రేముల పెట్టు. నడుమకే పెట్టు."

ఈసారి రెండు కట్టలతో సిరిసిల్ల పోయాడు. ఈసారి కూడా సాయవ్వే ముందుగా చూసింది. కూతురు పక్క నుంచి తొంగి చూసి, మొహం చిన్నబుచ్చుకుంది.

"నాయినేడి తమ్మీ? నేను చెప్పలేదా?"

సాయవ్వ తలెత్తి కూతురిని చూసింది. విషయం అర్థమైంది. కోపం రాలేదు. "మీ నాయిన పోయేనాటికి ముప్పై ఐదు. నాకిప్పుడు డెబ్బై ఎనిమిది. పక్కకు కూసుంటే నన్ను ‘అవ్వా’ అని పిలుస్తడు బిడ్డా."

శ్రీశైలం రెండో కట్ట విప్పి సుజాత చేతికిచ్చాడు. నర్సింగం ఒక్కడే, నడిమధ్యన, కోడిగుడ్లలా కళ్లు నిలబెట్టి కూతురిని నేరుగా చూశాడు. ఆ చూపు కోసం బంగారు లెక్క అక్కరలేదు. సుజాత కొంగుతో ఫ్రేము అద్దం తుడిచింది, దుమ్మేమీ లేకపోయినా. కాసేపటికి ఓడిపోవడం ఇష్టంలేక, ఇంకో మాట తీసింది.

"అది సరే గని, సగం ఖాళీ ఫోటువకు రేపు దండ ఎట్లేస్తం? ఫ్రేముకు ఏస్తే నడుమకు దిగుతది. అవ్వ పక్కకున్నది. ఖాళీ గోడకు ఏసినట్టుంటది."

నిజమే, బంగారు నిష్పత్తి కనిపెట్టినవాళ్లెవరికీ పూలదండ గుర్తు రాలేదు.

"దండ నేను పోయినంక గద," అంది సాయవ్వ. "గా లెక్క అప్పుడు మీరు సూసుకోండ్రి. పోయినంక సూద్దామని తీపిచ్చిన గని, మొన్న ఫోనుల సూసినకాడికెల్లి మనసు మారింది. ఇప్పుడు నేను సూడాలె. కొడుకా, గీ మొల తీసుకో. దేవుళ్ల పక్కకు ఒద్దు, గిక్కడ. మంచానికి ఎదురుంగ."

అతను సుత్తి తీసుకొని గోడ దగ్గర నిలబడ్డాడు.

"కిందికి."

దించాడు.

"ఇంకింత కిందికి. నేను నిలవడి సూస్తనా? పండుకొని సూస్త."

మొల దిగింది. ఫ్రేము వేలాడింది. సాయవ్వ మంచం మీద ఒక పక్కకు ఒరిగి, తల కింద చెయ్యి పెట్టుకొని చూడసాగింది. వెనుక గల్లీలో సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. శ్రీశైలం గడప మీద కూర్చున్నాడు. సుజాత చాయ్ పెట్టి తెచ్చి అతనికొక గ్లాసు ఇచ్చి, తల్లికి ఇవ్వబోతూ, మంచానికీ గోడకూ మధ్య ఆగి తాను కూడా ఫోటో వైపు తిరిగింది. అలాగే నిలబడిపోయింది.

"జర పక్కకు జరుగు బిడ్డా," అంది సాయవ్వ.

సుజాత జరిగింది.